పలుకుమిట్టకు ఆ పేరెలా వచ్చింది

పల్నాటి నాపరాతి గనులు దాటి, మిరపచేల మధ్య బండిబాట పట్టుకుని పోతే పలుకుమిట్ట కనిపిస్తుంది. పెద్ద కొండేమీ కాదు, ముసలివాళ్ళు కూడా ఆయాసపడకుండా ఎక్కగలరు. పైన సున్నం కొట్టిన చిన్న ప్రార్థన మందిరం ఉంది. ఇక్కడ అద్భుతాలు జరుగుతాయని ఎవరో చెబితే విని వచ్చే యాత్రికులకు ముందే ఒక మాట చెప్పాలి. ఈ స్థలానికి పేరు అద్భుతం వల్ల రాలేదు. జరగవలసిన వేళకు జరగని ఒక చిన్న పని వల్ల వచ్చింది.

పూర్వం ఇక్కడ, మిట్ట కింది పల్లెలో జకరయ్య అనే ఉపదేశి ఉండేవాడు. పిల్లలకు అక్షరాలు దిద్దించడం, ఆదివారం వాక్యం చెప్పడం ఆయన పని. మంచివాడు, మాట మెత్తన. పల్లె మొత్తానికి ఎద్దుబండి ఉన్నది ఆయనకే. ఆ ఎద్దులు కూడా ఆయన గొంతు వింటే తప్ప కదిలేవి కావు. అన్నీ ఉన్నా ఆయనకొక వెలితి. ప్రభువు తనను పేరు పెట్టి పిలవాలనీ, ఆ పిలుపు ఈ చెవులతో వినాలనీ కోరిక. నలుగురిలో తిరిగితే ఆత్మ మొద్దుబారిపోతుందని నమ్మి, ఈస్టరుకు ముందు నలభై శ్రమదినాలు రాగానే ఉపవాసం పట్టి మిట్టెక్కి కూర్చునేవాడు. ఎంత ఎత్తున కూర్చుంటే అంత ఆత్మీయత అనుకున్నాడు కాబోలు, పాపం.

పోనీ, అంతటితో ఊరుకున్నాడా? మిట్ట మొదట్లో తెల్లరాళ్ళతో ఒక గీత పేర్చాడు. తాను ప్రార్థనలో ఉన్నంతసేపు ఎవరూ దాన్ని దాటకూడదన్నాడు. ఆ పల్లెవాళ్ళు తరతరాలుగా గుళ్ళ ముందు, బావుల ముందు గీతల అవతల నిలబడ్డవాళ్ళు. ఆ బాధ పడలేకే ప్రభువు దగ్గరికి వచ్చారు. అయినా తమవాడు గీసిన గీత కదా అని దానికీ తలవంచి నిలబడ్డారు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఒక ఏడాది శ్రమదినాల్లో, మిట్టమధ్యాహ్నం, గనిలో బర్నబా అనే పనివాడి మీద నాపరాయి జారిపడింది. తొడ చితికి నెత్తురు ఆగడం లేదు. ఆసుపత్రి దూరం, బండి కట్టాలి. అతని భార్య ఎస్తేరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి, గీత దగ్గర ఆగిపోయింది. జకరయ్య ఆమెకు వరసకు మేనమామ.

"జకరయ్య మావా," అని పిలిచింది. "ఓ జకరయ్య మావా." రొప్పుతూ ఉండడం వల్ల పేరు తప్ప మరో మాట నోట రాలేదు.

పైన జకరయ్య విన్నాడు. తన పేరు వినగానే ఒళ్ళు జలదరించింది. అంతలోనే గొంతు గుర్తుపట్టాడు. ప్రభువు కాదు, మన ఎస్తేరు. చారెడు గింజలకో, మొగుడితో తగువుకో వచ్చి ఉంటుంది. ఇది తన ప్రార్థన చెడగొట్టడానికి వచ్చిన శోధన అనుకుని, కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

ఆమె మళ్ళీ మళ్ళీ పిలిచి, వెనక్కి పోయి, దొరికిన మనుషులను కూడగట్టి భర్తను నులకమంచం మీద మోయించింది. బర్నబా దారిలోనే పోయాడు.

పొద్దువాలి కిందికి దిగాక జకరయ్యకు సంగతి తెలిసింది. పోయి ఎస్తేరమ్మ ముందు కూలబడ్డాడు.

"పైకి రాకపోయావా అమ్మా?" అన్నాడు.

"గీత పెట్టింది నువ్వేగా మావా. దేవుడితో మాట్లాడతన్నావేమోనని ఆగాను."

"దేవుడు నాతో ఏం మాట్లాడలేదే," అని ఏడ్చాడు. "నన్ను క్షమించు తల్లీ."

"ఆ మాట నన్నడగమాక. ఇంకెవరన్నా పిలిస్తే పలుకు, పో."

ఆ తరువాత చాలాకాలం ఆయనకు కలలో ఎస్తేరమ్మ గొంతే వినిపించేదట. "వస్తన్నా" అంటూ లేచేసరికి ఎవరూ ఉండేవారు కాదు. ఒకనాటి కలలో గొంతు ఆమెదే అయినా, పిలుస్తున్నది ఆమె ఒక్కతే కాదని ఆయనకు తెలిసిపోయింది. తాను ఏళ్ళ తరబడి కోరుకున్న పిలుపు ఆ మధ్యాహ్నమే వచ్చింది. వచ్చి, గీత దగ్గర నిలబడి, తిరిగి వెళ్ళిపోయింది. తెల్లవారాక జకరయ్య ఆ రాళ్ళన్నీ పెళ్ళగించి, వాటినే పునాదిలో వేసి తలుపు లేని మందిరం కట్టాడు. అప్పటినుంచి కింద ఎవరు పిలిచినా ప్రార్థన మధ్యలో ఆపి పలికేవాడు. అలా ఇది పలుకుమిట్ట అయింది.

నేటికీ ఇక్కడ ఆరాధన ఎంత వేడిమీద ఉన్నా, కిందనుంచి పిలుపు వినబడితే పాస్టరుగారైనా సరే ఆపి పలకాలి, దిగి వెళ్ళాలి. అలా దిగినవారి ఇల్లు చల్లగా ఉంటుందని మా విశ్వాసం. ఏటా శ్రమదినాల చివర, మట్టలాదివారానికి ముందురోజు పండుగ జరుగుతుంది. యాత్రికులు కింద నిలబడి వంతులవారీగా పిలుస్తారు, పైనున్నవారు పలుకుతారు. ఎస్తేరమ్మ ముసలితనం దాకా ఏటా వచ్చి వాళ్ళతో నిలబడేది. మొదటి వంతు ఆమెదే. పెద్దలు పిలవమంటే, "అప్పుడు పిలిచాను గదయ్యా," అని ఊరుకునేది.

ఆమె పోయినా ఆ వంతు తీసేయలేదు. ఆ వంతులో కింద ఎవరూ పిలవరు. కాసేపటికి పైనున్నవారందరూ "వస్తున్నాం" అని పలికి, మిట్ట దిగడం మొదలుపెడతారు.