నోరు లేని పురుగు

శంభులింగం గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "చూద్దాం" అని చేతిలో పని చూసుకునేవారు. ఆ జవాబు ఎప్పుడు ఏ రూపంలో వచ్చి మీద పడుతుందోనని ఆయన దగ్గర వైద్యం నేర్చుకునేవాళ్ళకు లోపల ఎప్పుడూ కాస్త బెదురే.

శిష్యుల్లో ఒకడైన నరహరి అడిగినది మంచి ప్రశ్నే. పేగులో పెరిగే బద్దెపురుగు గురించి ఆ రోజు పాఠం జరిగింది. దానికి నోరు లేదు, కడుపు లేదు. తలకున్న కొక్కేలతో పేగు గోడను పట్టుకుని వేలాడుతుంది. నమిలేది మనిషి, అరిగించేది మనిషి. ఆ అరిగిన రసంలో పడుకుని అది ఒంటి చర్మంతోనే సారమంతా పీల్చుకుంటుంది.

"మరి ఆ మనిషి తినడం మానేస్తే? బయటికి పోయి వెతుక్కునే వీలు లేదు. అడుక్కోవడానికి నోరూ లేదు. అప్పుడది ఏం చేస్తుంది గురువుగారూ?" అన్నాడు నరహరి.

"చూద్దాం" అన్నారు ఆయన.

కొన్నాళ్ళకు రాజలింగం అనే గీత కార్మికుణ్ణి అతని భార్య లచ్చవ్వ తీసుకొచ్చింది. ఇద్దరి తిండి ఒక్కడే తింటున్నాడట, అయినా ఎముకల గూడైపోయాడు. మొన్న తాటిచెట్టు మీద కళ్ళు తిరిగితే నడుముకున్న మోకుతాడు పట్టి ఆపింది గాని, లేకపోతే ఆ రోజే ఆఖరు. తాళ్ళు కల్లు పారే రోజులొచ్చాయి, ఇప్పుడు గీయకపోతే ఏడాదంతా పస్తే అని ఆమె కళ్ళు తుడుచుకుంది. కల్లుతో పాటు సగం కాలిన పందిమాంసం తినే అలవాటుందని తెలిశాక గురువుగారికి ఇక అనుమానం లేకపోయింది.

మందు దానిమ్మ వేరు బెరడు కషాయం. విషానికి రెండడుగుల దూరంలో ఉండే మందు అది. ఈ ఒంటికి ఇప్పుడు ఒక్కసారే ఇవ్వగలమని, అది గురి తప్పితే వానలు పడేదాకా మళ్ళీ ముట్టుకోకూడదని గురువుగారు చెప్పారు. ముందురోజంతా కడుపు ఖాళీగా ఉండాలి, తిండి ఉంటే పురుగు దాని చాటున దాక్కుంటుంది. లచ్చవ్వ పిల్లల కోసం ఇంటికి వెళ్ళింది. ఇంతలో పక్క ఊళ్ళో పాముకాటని కబురొస్తే గురువుగారూ బయలుదేరారు. "నీళ్ళు తప్ప ఏమీ వద్దు. ఎంత బతిమాలినా సరే" అని నరహరికి రెండుసార్లు చెప్పి మరీ వెళ్ళారు.

నరహరి మెత్తని మనిషి. ఎదుటివాడి కళ్ళలో నీళ్ళు చూస్తే చాలు, వీడి చేయి నిలవదు. మధ్యాహ్నం దాకా బాగానే నిలిచాడు. ఆ తర్వాత రాజలింగానికి చెమటలు పట్టాయి. గడప దాకా పాక్కుంటూ వచ్చి కాళ్ళు పట్టుకున్నాడు.

"అయ్యా, పేగులు గుంజుతున్నయి. ఒక్క ముంత గంజి పొయ్యుండ్రి. సచ్చిపోయేటట్టున్న."

నరహరి పోశాడు. తాగి రాజలింగం పసిపిల్లాడిలా నిద్రపోయాడు. పాపం, ప్రాణం నిలబెట్టాననుకున్నాడు నరహరి.

మర్నాడు పొద్దున్నే గురువుగారు తిరిగొచ్చి కషాయం పట్టించారు, దాని వెనుక ఆముదం. రాజలింగం మెలికలు తిరిగాడు, పెదవులు నల్లబడ్డాయి. గురువుగారు నాడి మీది వేళ్ళు తీయలేదు. అప్పటికి తిరిగొచ్చిన లచ్చవ్వ వాకిట్లో కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఎంతసేపటికో పురుగు బయటపడింది. గోరువెచ్చని నీళ్ళ పళ్ళెంలో దాన్ని పుల్లతో పరుస్తూ పోయారు గురువుగారు. వెడల్పు బద్దెలు సన్నబడ్డాయి, ఇంకా సన్నబడి దారప్పోగంత అయ్యాయి. ఆ కొసన ఆవగింజంత తల ఉండాలి. లేదు. నీళ్ళు మార్చి మళ్ళీ వెతికారు. దారం తెగిన చోటే కనిపించింది.

తల లోపలే ఉండిపోయిందనీ, మళ్ళీ అంత పురుగూ పెరుగుతుందనీ, వానలు పడేదాకా చెట్టెక్కవద్దనీ ఆయన రాజలింగానికి చెప్పారు. అతను అంతా విన్నాడు.

"నేనాగుత అయ్యా. తాళ్ళాగయి గదా" అని లేచి, వచ్చినప్పుడు గోడకు తగిలించిన మోకు భుజాన వేసుకున్నాడు. నడక తూలుతోంది. లచ్చవ్వ ఆపలేదు, ఏడవనూ లేదు. అతని వెనకే నడిచింది.

వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి నరహరి గురువుగారి ముందు కూలబడ్డాడు. గంజి సంగతి చెప్పేశాడు. అంత ఆకలితో కాళ్ళు పట్టుకుని అడిగితే కాదనలేకపోయానని వెక్కివెక్కి ఏడ్చాడు.

గురువుగారు కోప్పడలేదు. పళ్ళెంలోని పురుగును నీళ్ళతో సహా నిప్పుల మీద ఒంపి, చేతులు కడుక్కున్నారు.

"నోరు లేనిది ఏం చేస్తుందని అడిగావు కదా నరహరీ. మరి నిన్న నిన్ను గంజి అడిగింది ఎవరు?"