సముద్రానికి పురుడు పోసిన గున్నమ్మ

సముద్రం ఇంకా పడుచు వయసులో ఉన్న రోజుల మాట. అంటే ఎప్పుడని నన్నడగొద్దు, మా అమ్మమ్మకే తెలీదు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో గున్నమ్మ అని ఒక మంత్రసాని. ఆమెకి పిల్లల్లేరు. ఊళ్ళో పిల్లలంతా మాత్రం ఆమె చేతుల్లోనే పడ్డారు. ఎండా వానా చూసేది కాదు, ఎవరి గడప అని చూసేది కాదు. ఎవరు ముందు పిలిస్తే వాళ్ళ వెంట వెళ్ళేది. పిలిస్తే గున్నమ్మ వెళ్తుంది, అంతే.

తల్లులు చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని సంతకి వెళ్తే, పిల్లలు గున్నమ్మ అరుగు మీద చేరేవారు. వాళ్ళని కూర్చోబెట్టడానికి ఆమె కథలు చెప్పేది. ఏ కథ మొదలెట్టినా చివరికి సముద్రం దగ్గరికే వచ్చేది.

"సముద్రం కూడా ఆడమనిషేర్రా. ఏడాదికోపాలి కడుపుతో ఉంటాది. ఎండలు ముదిరితే నెప్పులొస్తాయి. ఈ మొగే ఆమె పురిటిగది."

"అప్పుడు మనమేటి సెయ్యాల మామ్మా?"

"మీ అమ్మ నెప్పులు పడతంటే ఏటి సేస్తారు? గోల సెయ్యరు. తొంగి సూడరు. తలుపుకి అడ్డం నిలబడరు."

గోల సెయ్యం, తొంగి సూడం, అడ్డం నిలబడం అని పిల్లలు అప్పజెప్పేవారు. ఎండాకాలంలో మొగ పక్కన మునివేళ్ళ మీద నడిచేవారు. పెద్దవాళ్ళు చూసి నవ్వేవారు.

ఒక ఏడు చేప సరిగా పడలేదు. ఊరి పెద్ద కొర్లయ్య కొత్త వల అల్లించాడు. దాంతో మజ్జిగ వడకట్టొచ్చు, అంత సన్నపు కన్ను. గుడ్లు పెట్టడానికి చేపలు మొగలోకి ఎక్కే నెలలోనే, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాన్ని అడ్డంగా కట్టాడు.

గున్నమ్మ వెళ్ళి బతిమాలింది. "ఈ నెల వదిలీరా నాయనా. గుడ్ల మీదున్న సేపల్ని పట్టీసుకుంటే, నా సేతుల్లో పడ్డ పిల్లగుంటలు రేపేటి తింటారు?"

"గుంటలకి సెప్పే కతలు నాకు సెప్పకు పెద్దమ్మా," అన్నాడు కొర్లయ్య. అతన్నీ ఆ చేతులే భూమ్మీదకి తెచ్చాయి. ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

మొదటి రోజు వల నిండా చేపలే. ప్రతి చేప కడుపులోనూ గుడ్లే. ఊరంతా పండగ చేసుకుంది. ఆ మిట్టమధ్యాహ్నం వీధి చివర ఒక ఆడమనిషి నిలబడి ఉండడం గున్నమ్మ చూసింది. నిండు చూలాలు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. రెప్ప వేసి తీసేసరికి లేదు.

రెండో రోజు వలలో గోరంత పిల్లచేపలు పడ్డాయి. వాటినీ వదల్లేదు. ఆ మిట్టమధ్యాహ్నం ఆ మనిషి గున్నమ్మ వాకిట్లోకి వచ్చింది. కాలు మోపలేనంత ఎండ, అయినా ఆమె కాళ్ళ కింద నేల తడిగానే ఉంది. కుక్క మొరగలేదు. తోక ముడుచుకుని అరుగు కిందకి దూరింది.

మూడో రోజు వలలో ఏమీ లేదు. అల లేదు, నురగ లేదు, చప్పుడు లేదు. పుట్టిన దగ్గర్నుంచి హోరు వింటూ పెరిగిన ఊరది. ఆ హోరు ఆగేసరికి ఉయ్యాలల్లో పిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చారు. ఆ మిట్టమధ్యాహ్నం ఆ మనిషి గడప దగ్గరికి వచ్చి నోరు తెరిచింది.

"పురుడు పొయ్యాల. రా."

వచ్చింది మామూలు మనిషి కాదని గున్నమ్మకి తెలుస్తూనే ఉంది. కానీ పిలిస్తే గున్నమ్మ వెళ్తుంది. నూనెగిన్నె, పాత గుడ్డలు తీసుకుని వెంట నడిచింది. అరుగు మీది పిల్లలు కళ్ళప్పగించి చూశారు. నడిచింది ఇద్దరు, ఇసకలో పడ్డ అడుగులు మాత్రం ఒక్కరివే.

మొగలో వల దగ్గర నడుం లోతు నీళ్ళలో గున్నమ్మ ఉండగా, కొర్లయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. తొలి కానుపుకి పుట్టింటికొచ్చిన కూతురు తవిటమ్మకి నొప్పులు మొదలయ్యాయి.

"పెద్దమ్మా, బిడ్డ అడ్డం తిరిగిందంట. బేగి రా."

గున్నమ్మ తల తిప్పలేదు. రెండు చేతులూ నీళ్ళ అడుగున ఉన్నాయి. తవిటమ్మ కూడా ఆ చేతుల్లో పడ్డ పిల్లే. ప్రాణం అటు పీకుతోంది, అయినా కదల్లేదు. "ఈవిడ ముందు పిలిసింది, నాయనా."

"ఎవలు?"

అక్కడ ఎవరూ కనపడలేదు. గున్నమ్మ చేతుల చుట్టూ నీళ్ళు మాత్రం కడుపులా పొంగి, దిగి, మళ్ళీ పొంగుతున్నాయి.

"ఈ బిడ్డకి నీ వల అడ్డం. తీసీ. ఇది తేలితే అది తేలతాది."

కొర్లయ్య మొలలోంచి కత్తి తీసి, తన వల తనే కోశాడు. సముద్రమంతా కలిసి ఒక్క మూలుగు మూలిగింది. నీళ్ళు ఏట్లోకి ఎగదన్నాయి. హోరు మళ్ళీ మొదలైంది.

గున్నమ్మ తడిచీరతోనే పరిగెత్తింది. తవిటమ్మకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా దక్కారు. కూర్చో పెద్దమ్మా, కాస్త గంజి తాగు అన్నారు. గున్నమ్మ బిడ్డని చాప మీద పెట్టి లేచింది.

"అక్కడ తొలిబిడ్డే పుట్టింది. మిగతావోళ్ళింకా లోపలే ఉన్నారు."

వచ్చిన దారినే వెళ్ళింది. నీళ్ళు నడుం దాకా వచ్చాయి, మెడ దాకా వచ్చాయి, ఆ తర్వాత కొప్పు కూడా కనపడలేదు. పిల్లలు పొద్దుగూకేదాకా ఒడ్డునే కూర్చున్నారు. ఆమె రాలేదు. ఒంటి మీది గుడ్డపీలికైనా ఒడ్డుకి కొట్టుకురాలేదు.

ఇప్పటికీ ఎండలు ముదిరాయంటే ఆ మొగలో వల పడదు. పొద్దున్నే మగాళ్ళు వలలు భుజాన వేసుకుని వచ్చి నిలబడతారు. ఊళ్ళోకెల్లా చిన్నపిల్లలు తడి ఇసక మీద బోర్లా పడుకుని చెవి ఆనించి వింటారు.

"మామ్మ పనైందా?" అని పెద్దాళ్ళు అడుగుతారు.

"ఇంకా అవలేదు," అంటారు పిల్లలు. ఎంత ఆకలి మీదున్నవాడైనా మారుమాట్లాడకుండా ఇంటికి పోతాడు. ఇలా నలభై రోజులు పోతాయి, ఒక్కోసారి యాభై. ఒకనాడు ఎవరో ఒక పిల్ల చెంపకి ఇసకతో లేచి "అయింది" అంటుంది. అప్పుడే వలలు దిగుతాయి.

లోపల ఏం వినపడిందే అంటే పిల్లలందరిదీ ఒకటే మాట. ముసలి గొంతు ఒకటి, మెల్లిగా, "ఇంకాసింత తల్లీ, ఇంకాసింత" అంటుందట.

పెద్దాళ్ళూ చెవి పెట్టి చూశారు. వాళ్ళకి హోరే వినపడింది. అందుకే ఆ ఊళ్ళో సముద్రం సంగతి పిల్లల్నే అడుగుతారు.