మందతోలమ్మ తల్లి: ఆకసపు రాయి వెలసిన వైనం

ఎర్రమల కొండల్లో తోలుకనుమ దిగగానే కుడివైపున పెద్ద గుండ్రటి గుంట కనిపిస్తుంది. ఈ గట్టు మీద నిలబడి మాట్లాడితే ఆ గట్టువారికి మాట అందదు, కేక మాత్రమే అందుతుంది. గుంట అడుగున నాలుగు రాతి స్తంభాల మంటపం, అందులో నడుమెత్తు నల్లని శిల. అదే మందతోలమ్మ తల్లి మూలరూపం. ఈ శిలకు ఉలి తగలలేదు. కన్ను, ముక్కు, చేయి ఏవీ లేవు. సూదంటురాయిని దగ్గరకు తెస్తే చటుక్కున అతుక్కుంటుంది. చుట్టుపక్కల ఏ కొండలోనూ ఇటువంటి రాయి దొరకదని ఇక్కడివారు చెబుతారు.

ఆకాశం నుంచి దిగిన శిలకు ఆకాశం పేరు రాకుండా మందను తోలిన తల్లి అనే పేరు ఎందుకు వచ్చిందని మొదటిసారి వచ్చిన భక్తులు తరచుగా అడుగుతారు. ఆ వృత్తాంతం ఇది.

పూర్వం ఇక్కడ, ఇప్పుడు గుంట ఉన్నచోటనే, పాలవంక అనే పల్లె ఉండేది. ఎనభై గడపలు, నాలుగు వందల పైచిలుకు జనం. ఆ ఊరి గొర్రెలన్నిటినీ బీరక్క అనే కురుబ స్త్రీ కాచేది. భర్తను చిరుతపులి పొట్టన పెట్టుకున్న తరువాత ఆమె ఆయన కర్రనే చేతబట్టి మంద వెంట నడిచింది. పుట్టింటివారు వచ్చి పిలిచినా పోలేదు. చీకట్లో ఒక గొర్రె దగ్గితే అది ఎవరి ఇంటి గొర్రెయో చెప్పగలిగేది. పదేళ్ళలో తోడేలుకు ఒక్క పిల్లను కూడా వదలలేదని ఊరంతా గొప్పగా చెప్పుకునేది.

ఒక జ్యేష్ఠమాసంలో, వేకువన దొడ్డి తడక తీస్తూ బీరక్క తూర్పుదిక్కున కృత్తికలనే పిల్లలకోడి చుక్కల పక్కన కొత్త చుక్కను చూసింది. నువ్వుగింజంత ఉంది. మరుసటి వేకువన కూడా అక్కడే ఉంది. నాలుగో వేకువకు జొన్నగింజంత అయింది గాని, చోటు మాత్రం వెంట్రుకవాసి మారలేదు.

మరొకరైతే చూసి మరిచిపోయేవారు. బీరక్క మాత్రం తడక వదిలి అక్కడే నిలబడి చూసింది. తోడేలు మందకు అడ్డంగా పరిగెడుతుంటే అది ఒక పొద దాటి ఇంకో పొదకు జరుగుతూ కనిపిస్తుంది. నేరుగా మన మీదికే వస్తున్నప్పుడు అది జరగదు. ఉన్నచోటనే ఉండి పెద్దదవుతుంది. ఆమెకు కొండ నేర్పిన చదువు అది.

ఆ పగలు రాతినీడలో గొర్రెలను నిలిపి ఆమె కాస్త కన్ను మూసింది. కలలో ఒక ముసలామె నల్ల గొంగడి కప్పుకొని ఎదుట నిలిచింది. బీరక్క కాళ్ళ మీద పడి, "తల్లీ, ఆ చుక్కను ఆపు" అని వేడుకుంది. ముసలామె తల అడ్డంగా ఊపింది. "అది దాని దారిన వస్తాంది. దానికి మీమీద కోపం లేదు, దయా లేదు. నీకు చూసే కళ్ళిచ్చినాను, చెప్పే నోరిచ్చినాను, తోలే కర్రిచ్చినాను. ఏకాదశినాటి పొద్దుకు ఊరిని కనుమ దాటించు. ఆ తర్వాత అది పడినచోటనే నా ఇల్లు కడుదువు" అని చెప్పి కనుమరుగయింది.

బీరక్క మందను ముందుగానే ఇంటికి మళ్ళించి, తిన్నగా ఊరిపెద్ద తిమ్మారెడ్డి వాకిట నిలిచింది. తిమ్మారెడ్డి మంచివాడే. అయితే అప్పుడే తొలకరి పడింది, గొర్రు కట్టి విత్తే అదను. విత్తనాల గంపల నడుమ కూర్చొని ఆమె చెప్పినదంతా విన్నాడు.

"బీరక్కా, చుక్కను చూసి ఊరు వదలమంటావా? ఈ పదును పోతే ఏడాదంతా ఏం తినాల?"

"ఏకాదశినాడు ఒక్క పూట రెడ్డీ. కనుమ దాటి కూర్చుందాం. ఏమీ కాకుంటే సాయంత్రానికి వచ్చి విత్తుకుందురు."

"ఏమీ కాకుంటే నాలుగూళ్ళు నవ్వుతాయి."

"నవ్వనీ. నవ్వేదానికి మనముంటాం గదా."

అక్కడున్నవారు ఆ మాటకే నవ్వారు. మగడు పోయిన దిగులు తలకెక్కిందని ఒకరు, ఎండదెబ్బ అని ఒకరు అన్నారు. బీరక్క ఇంటింటికీ తిరిగింది. పెట్టిన మజ్జిగ తాగింది, పడిన మాట పడింది. ఒక్క గడప కూడా కదలలేదు. తన మాట వినే ప్రాణులు ఊరు మొత్తం మీద గొర్రెలేనని ఆమెకు ఆ సాయంత్రం అర్థమయింది. అర్థమైన మరుక్షణమే ఏం చేయాలో తెలిసింది.

జ్యేష్ఠ బహుళ ఏకాదశి తెల్లవారింది. సూర్యుడు పొడిచినా ఆ చుక్క మాయం కాలేదు. పగటి చందమామ తునకలా తెల్లగా నిలిచింది. బీరక్క ఊళ్ళోని ప్రతి దొడ్డి తడకనూ లాగి పారేసింది. ఎద్దుల పలుపులు కోసింది. గొర్రెలు, మేకలు, ఆవులు, దున్నలు వీధుల్లోకి పొర్లివచ్చాయి. ఆమె కూత వేసింది. పదేళ్ళుగా ఆ కూత వెంట నడిచిన మంద కనుమ వైపు కదిలింది, తక్కినవి దాని వెంట పడ్డాయి.

"దొంగ! దొంగ! బీరక్క మందను తోలుకపోతాంది!"

ఊరు ఊరంతా లేచింది. మగవారు కర్రలతో, ఆడవారు చంకన బిడ్డలతో, ముసలివారు తిట్లతో పరుగు పెట్టారు. రాళ్ళు విసిరారు. ఒక రాయి తగిలి బీరక్క నుదురు చిట్లింది. ఆమె వెనక్కి తిరగలేదు. మందను నిలపనూ లేదు. కనుమ ఎక్కించి, దాటించి, అవతలి లోయలోకి దించింది. జనమంతా తన వెంటే దిగేదాకా పరుగు ఆపలేదు.

లోయలో ఆమెను చుట్టుముట్టారు. తిమ్మారెడ్డి రొప్పుతూ వచ్చి చెయ్యెత్తాడు. కంట్లోకి కారుతున్న నెత్తురు తుడుచుకొని బీరక్క ఒకే మాట అడిగింది.

"ఊళ్ళో ఇంకెవరున్నారు రెడ్డీ?"

ఎత్తిన చెయ్యి అట్లాగే ఆగింది. మంచం పట్టిన అతని తల్లి వెంగమ్మ ఒక్కతే ఇంట్లో ఉంది. అతను ఊరివైపు తలెత్తాడు. అప్పుడు ఆ తెల్లని తునకను తన కళ్ళతో చూశాడు. అరచేతితో మూసినా మూతపడనంత వెలుగు దాని చుట్టూ లేస్తోంది.

బీరక్క అప్పటికే వెనక్కి పరుగు తీసింది. తిమ్మారెడ్డి ఆమెను అందుకున్నాడు. ఖాళీ ఊళ్ళోకి ఇద్దరూ చొరబడ్డారు. "నన్నొదిలి పోండి నాయనా" అని వెంగమ్మ అంటూనే ఉంది, బీరక్క ఆమెను గొంగట్లో చుట్టి వీపున కట్టుకుంది. "గొర్రెపిల్లనే వదల్లేదు, నిన్నొదులుతానా అవ్వా?" అంది. ఎగువకు తిరిగాక తిమ్మారెడ్డి తల్లిని తాను ఎత్తుకున్నాడు, బీరక్క వెనకనుంచి నెట్టింది. కనుమ నెత్తిన కాచుకొని ఉన్న పదిమంది పడుచువారు ముగ్గురినీ చేతుల మీద అవతలికి దించారు.

వెంగమ్మ నడుము నేలకు ఆనిందో లేదో, కొండల నీడలన్నీ మాయమయ్యాయి. అంతా తెలుపు. తరువాత నేల ఎగిరింది. ఆ వెనక వచ్చిన శబ్దాన్ని పెద్దలు వర్ణించలేదు, చాలామందికి మూడు రోజులు చెవులు వినబడలేదని మాత్రం చెప్పారు. కొండ అడ్డం నిలిచింది. గాలీ నిప్పూ రాళ్ళూ వారి తలల మీదుగా పోయాయి.

దుమ్ము అణగేసరికి మధ్యాహ్నం దాటింది. తిమ్మారెడ్డి ఒక్కొక్క ఇంటి పేరు పిలిచాడు. చెవులు వినబడనివారికి చేతులతో సైగ చేశారు. ఎనభై ఇళ్ళ పేర్లకూ జవాబు వచ్చింది. ఒక్క తల తగ్గలేదు! కడసారి పేరు పలికిన తరువాత దొంగను తరిమేందుకు ఎవరో తెచ్చిన డప్పును అతను లాక్కొని తానే వాయించాడు. వినబడకపోయినా ఊరంతా చిందులు వేసింది. దుమ్ముకొట్టుకున్న ముఖాల మీద కన్నీళ్ళ చారలతో ఆడా మగా చేతులు పట్టుకొని గంతులు వేశారు. లేవలేని వెంగమ్మ పడుకున్నచోటనే చప్పట్లు కొట్టింది.

తిమ్మారెడ్డి తన తలపాగా తీసి బీరక్క పాదాల దగ్గర పరిచాడు. ఆమె దాన్ని తీసి నుదుటి గాయానికి కట్టుకుంది. "లే రెడ్డీ, గొర్రెలు బెదిరినాయి, నీళ్ళు చూపాల" అంది.

పల్లె ఉన్నచోట ఈ గుంట మిగిలింది. తొమ్మిదో రోజుకు అడుగు చల్లారాక బీరక్క దిగి, నల్లని శిలను చూసి, గొర్రెపాలతో అభిషేకం చేసింది. తల్లి కలలో అడిగిన ఇల్లు అదేనని ఊరివారు మంటపం కట్టారు. బీరక్క చేత మందను తోలించి ఊరిని కాచిన తల్లి గనుక మందతోలమ్మ అన్నారు. కొత్త ఊరు కనుమకు అవతల వెలసింది. ఆ ఏడాది కొర్ర ఆలస్యంగా విత్తినా గాదెలు నిండాయట. బీరక్క తొంభై ఏళ్ళు బతికి, చివరిదాకా మందనే కాచింది.

నేటికీ తొలి అర్చన బీరక్క పుట్టింటి ఆడబిడ్డలదే. ప్రతి జ్యేష్ఠ బహుళ ఏకాదశినాడు ఊరివారు తాళాలు వేయకుండా, పొయ్యి రాజేయకుండా, పశువులతో సహా కనుమ దాటుతారు. మంచం పట్టినవారిని అందరికంటే ముందు మోసుకుపోతారు. పల్లకీ వారి వెనకనే. అన్నదానం లోయలో జరుగుతుంది.

ఇటీవల కొన్నేళ్ళుగా ఆ రోజున ఆకాశాన్ని పరిశీలించే శాస్త్రజ్ఞులు కూడా దూరదర్శినులతో వచ్చి, భూమికి దగ్గరగా పోయే గ్రహశకలాల గురించి భక్తులకు వివరిస్తున్నారు. చిన్నవి తరచుగా వచ్చి పోతుంటాయని, పెద్దవి అరుదని, ముందుగా కనిపెడితే దారి మళ్ళించే ఉపాయాలున్నాయని చెబుతారు. ఒక ఏడు ఆ శాస్త్రజ్ఞులలోని ఒక యువతి, ఇప్పటి పూజారిణి మాళమ్మను, "ఇవన్నీ వింటే భయం వేయదా అవ్వా?" అని అడిగింది. మాళమ్మ ఆమె నుదుట బండారు పసుపు పెట్టి, "చూసేవాళ్ళు మీరున్నారు. చెబితే లేచే ఊరు మాది. ఇంక భయమెందుకు తల్లీ?" అని నవ్వింది.

దూరప్రయాణం పోయేవారు, ముసలివారిని, పసివారిని ఇంట పెట్టుకున్నవారు ఈ తల్లిని కొలిస్తే ఏ ఆపదా తెలియకుండా మీద పడదని, పడబోయినా తప్పుకునే వేళ దొరుకుతుందని ఇక్కడివారి నమ్మకం. తల్లి చల్లని చూపు మీ ఇంటిల్లిపాదిపై నిలుచుగాక.