పాలపిట్ట చూడని దారి

అనగనగా ఒకదానికొకటి దూరంగా రెండు అడవులు. ఒకదాని నుంచి ఇంకోదానికి పోవాలంటే రెండే దారులు. ఏనుగు వీపెక్కి కొండదారిన పోవచ్చు, లేదా తాబేలు వీపెక్కి ఏటిమీద పోవచ్చు. దారులు చీలే చోట ఒక పాలపిట్ట ఉండేది. రోజూ తెల్లవారగానే ఎగిరి, రెండు దారులూ చూసొచ్చి, "ఈ పూట ఇటు పొండి" అని చెప్పేది. దాని మాట విన్నాకే ఎవరైనా బయలుదేరేవారు.

ఒకరోజు పొద్దున్నే ముసురు పట్టింది. పాలపిట్టకు బద్ధకం వేసింది. తడవడం ఎవరికి ఇష్టం చెప్పండి! 'నిన్న కొండదారిలో బండలు పడ్డాయి. ఏరు నిమ్మళంగా ఉంది. ఒక్క రాత్రిలో ఏం మారుతుందిలే' అనుకుంది.

కోతి వచ్చింది. "పెళ్లికి పోతున్నా. ఎటు పోను?"

"ఏటిమీద పో."

అడవిపంది వచ్చింది. "అవతల దుంపలు బాగా ఊరాయట. ఎటు పోను?"

"ఏటిమీదే పో."

తర్వాత కుందేలు పరుగున వచ్చింది. దాని మెడకు తిప్పతీగ చుట్టి ఉంది.

"అవతలి అడవిలో మా అక్కకు జ్వరం. అమ్మ పోయాక నన్ను పెంచింది అదే. మధ్యాహ్నంలోపు ఈ మందు అందాలి. పిట్టమ్మా, ఇవాళ చూసే చెప్తున్నావా?"

పాలపిట్ట తటపటాయించింది. చూడలేదంటే పరువు పోదూ? "చూశాను. ఏటిమీద పో" అంది.

తీరా వెళ్తే ఏరు పొంగిపొర్లుతోంది. కోతీ పందీ గట్టునే కూర్చున్నాయి. "ఈ వరదలో దిగితే ఇద్దరం పోతాం తల్లీ" అంది తాబేలు. కుందేలు అంతదూరమూ వెనక్కి పరుగెత్తి కొండదారి పట్టింది. అక్కడ బండలను ఏనుగులు ముందురోజు సాయంత్రమే తొలగించాయి. దారి శుభ్రంగా ఉంది.

కుందేలు చేరేసరికి పొద్దు గుంకింది. అప్పటికే అక్క కన్నుమూసింది.

నాలుగు రోజులకు కుందేలు తిరిగొచ్చింది. పాలపిట్టను తిట్టలేదు.

"చూడలేదని ఒక్క మాట అని ఉంటే, ఏనుగునే అడిగి పోయేదాన్ని. అక్క చివరిదాకా వాకిలి వైపే చూసిందట" అంది.

పాలపిట్ట వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడిస్తే పోయినవాళ్లు వస్తారా?

అంతలో ముంగిస వచ్చి, "ఎటు పోను?" అని అడిగింది.

"నాకు తెలియదు. ఇంకా చూడలేదు. ఆగు, చూసొస్తా" అంది పాలపిట్ట. ఆ మాట అనడం దానికి అదే మొదటిసారి.

నీతి: మన మాట నమ్మి దారి పట్టేవాళ్లకు చూసినదే చెప్పాలి; చూడనప్పుడు చూడలేదనే చెప్పాలి.