నీలకంఠం గారి మనసు వైద్యం

నల్లమలలో ఎండలు ముదిరితే వాగులన్నీ ఎండిపోయి ఒక్క మడుగే మిగులుతుంది. దుప్పులైనా పందులైనా నీళ్లకు అక్కడికి రావలసిందే. ఆ సంగతి చిరుతపులికీ తెలుసు. అడవంతా తిరగక్కర్లేదు, మడుగు పక్క వెదురుపొదలో పడుకుంటే చాలు.

ఇలాంటి చోట దుప్పుల మందకు వచ్చిన కష్టం పులి కాదట, చెంగి అట. చెంగి అంటే మచ్చమ్మ అనే దుప్పి కూతురు, ఈడొస్తున్న పిల్ల. ఎండలు మొదలైన కొత్తలో దాని తమ్ముణ్ణి చిరుత ఎత్తుకుపోయింది. అప్పట్నించీ పిల్ల సరిగ్గా మేయదు, ఈడువాళ్లతో కలవదు. మంద నీళ్లకు తల వంచిందో లేదో, కాలు నేలకేసి కొట్టి కూత పెడుతుంది. కూత వింటే మంద పరుగో పరుగు. తీరా చూస్తే పులీ లేదు, గిలీ లేదు.

మందపెద్ద కొమ్ముల రాయుడికి ఒళ్లు మండిపోయింది. మచ్చమ్మను పిలిపించాడు.

"తాటాకు చప్పుళ్లకు కుందేళ్లే బెదరవు. నీ కూతురు ఆకు రాలినా అరుస్తోంది. దాని పుణ్యమా అని మందకి గుక్కెడు నీళ్లు లేవు. అయినా కూత పెట్టడం పెద్దల పని. పిల్లలు కూయడమేమిటి?"

"పిల్ల దడుచుకుంది బాబాయ్."

"ఆ దడుపేదో పోగొట్టుకు రా. ఇంకొక్క ఉత్తుత్తి కూత వినబడిందంటే తల్లీకూతుళ్లు మీ దారి మీరు చూసుకోండి."

మంద గెంటేసిన దుప్పికి రెండో వానాకాలం ఉండదు. మచ్చమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని నేరుగా నీలకంఠం గారి దగ్గరికి నడిచింది.

నీలకంఠం గారంటే నెమలి. పిల్లల మనసులు బాగుచేసే కౌన్సెలర్. ఎక్కడ చదివాడంటారా? అడవి అంచున ఒక గెస్ట్‌హౌస్ ఉంది. బెంగపడ్డ పట్నం పిల్లల్ని అక్కడికి తీసుకొచ్చి, ఒకావిడ చెట్లకింద కూర్చోబెట్టి మాట్లాడిస్తుండేది. ఈయన గోడ మీద తిరుగుతూ, బిస్కెట్ ముక్కలు ఏరుకుంటూ చదువు పూర్తి చేశాడు. గాలి పీల్చు, ఆకును చూడు అనే ముక్కలు బాగానే వంటబట్టాయి. ఆవిడ పిల్లలు చెప్పేది పొద్దువాలేదాకా వినేది. ఆ వినడం ఒక్కటీ ఈయనకు పట్టుబడలేదు, ఆ సమయానికి బిస్కెట్లు అటువైపు పడ్డాయి. ఇక అడవికి తిరిగొచ్చి, అడవిలో పుట్టినవాళ్లకి అడవిని పరిచయం చేయడం మొదలుపెట్టాడు. చేపపిల్లకు ఈత నేర్పడమంటే ఇదే. ఫీజంటూ ఏమీ పుచ్చుకోడు పాపం. పురి విప్పినప్పుడు ఆహా అంటే చాలు.

"పిల్లకి ప్రకృతితో సంబంధం తెగిపోయింది," అన్నాడు, చెంగి ఇంకా ఆయన కూర్చున్న చెట్టుకిందికి రాకముందే.

"మేముండేది అడవిలోనే కదండీ," అంది మచ్చమ్మ.

"ఉండటం వేరమ్మా, ఉన్నామని తెలియడం వేరు."

మచ్చమ్మకు అర్థం కాలేదు. అందుకని చాలా గొప్ప మాట అనుకుంది.

"పాపా, ఆ ఆకును చూడు. ఎంత నిమ్మళంగా ఉందో. అది భయపడుతోందా?"

"మేం వస్తే భయపడాలి కదండీ. తినేది మేమే," అంది చెంగి.

నీలకంఠం గారు ఆకును వదిలేసి గాలి మీదికి పోయాడు. "సరే, గాలి పీల్చు. వదులు. ఇప్పుడు మనసులో ఉన్నది చెప్పు."

చెంగి చాలాసేపు కాలితో మట్టి గీకింది. చివరికి నోరు విప్పింది. "తమ్ముడు పోయిన రోజు నాకు..."

"గతం! గతం మనకొద్దు."

"అది కాదండీ, ఆ రోజు నేను..."

"నేను, నేను అనుకోవడమే అసలు జబ్బు. నన్ను చూడు, నా గురించి నేనెప్పుడైనా చెప్పుకుంటానా? నా మెడ ఈ రంగులో ఉందంటే, నా పింఛానికి ఇన్ని కళ్లున్నాయంటే..."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా తన గురించి తాను చెప్పుకోని విషయాలన్నీ చెప్పాడు. ఆఖర్న మందు చెప్పాడు.

"చప్పుడు వినబడితే కళ్లు మూసుకో. ఇది నా మనసులో చప్పుడే అనుకో. కూత వస్తే మింగెయ్. రేపు మడుగు దగ్గర మందంతటి ముందూ నీ జబ్బు నయమైందని చూపిస్తాను."

తిరిగి వస్తూ చెంగి, "నేను చెప్పింది ఒక్క ముక్క వినలేదమ్మా ఆయన," అంది.

"పెద్దవాళ్లని అలా అనకూడదు. చెప్పినట్టు చెయ్యవే తల్లీ. రేపు కూశావంటే మనకి దిక్కుండదు."

మర్నాడు మంద మడుగు దగ్గర చేరింది. నీలకంఠం గారు ముందే వచ్చి, మందకు ముఖం, వెదురుపొదకు వీపు పెట్టి నిలబడ్డాడు. అందరూ బాగా చూడాలని పురి విప్పి గలగలలాడించాడు. నిజానికి నెమలి కూడా పులిని పసిగట్టి కేకేసే జాతే. కానీ సొంత ఈకల చప్పుడు వింటూ మైమరచిపోయేవాడికి పొదలో ఏం కదిలితేనేం?

"అందరూ కళ్లు మూసుకోండి. గాలి పీల్చండి," అన్నాడు. రాయుడు అందరికంటే ముందు మూసుకున్నాడు.

చెంగి చెవి తిరిగింది. ఎండుటాకు మీద మెత్తగా ఒక అడుగు పడింది. ఆగింది. మళ్లీ ఇంకొకటి.

"నీలకంఠం గారూ, మీ వెనక," అంది మెల్లగా.

"మనసులో చప్పుడు పాపా."

"కాదండీ, వెదురుపొదలోంచి."

"పొద కూడా మనసులోదే."

చెంగి తల్లివైపు చూసింది. మచ్చమ్మ కళ్లు గట్టిగా మూసుకుని గాలి పీలుస్తోంది. కూస్తే తనవల్ల అమ్మ మందకు దూరమవుతుంది. కూయకపోతే అమ్మే ఉండదు. చెంగి కాలెత్తి నేలకేసి కొట్టి, గొంతు చిరిగేలా కూసింది.

"కదలకండి, పిల్లకి తిరగబెట్టింది," అన్నాడు రాయుడు కళ్లు తెరవకుండానే.

మచ్చమ్మ కళ్లు తెరిచింది. కౌన్సెలర్ గారిని చూడలేదు, మందపెద్దను చూడలేదు, వణుకుతున్న కూతురి కాళ్లను చూసి పరుగెత్తింది. ఒక దుప్పి పరుగెత్తితే మిగతావి ఆగవు. చిరుత పొదలోంచి దూకేసరికి మడుగు దగ్గర మిగిలింది విప్పిన పురి ఒక్కటే. నీలకంఠం గారు ఆ రోజు మొత్తంలో ఒకే ఒక్క నిజం పలికాడు. ఆ కేక కొండ అవతలికి కూడా వినబడింది. పింఛం చిరుత నోట్లో వదిలేసి, మిగిలిన శరీరంతో మద్దిచెట్టెక్కాడు.

మంద దూరంగా గుట్టమీద ఆగింది. రాయుడు ఆయాసం తీర్చుకుని, పెద్దరికం తెచ్చిపెట్టుకుని, "ఈసారంటే నిజంగా వచ్చింది. ఇదివరకు కూసినవన్నీ ఉత్తుత్తివేగా?" అన్నాడు.

"అప్పుడూ వచ్చింది తాతా. నేను కూశాను, మీరు పరుగెత్తారు. అందుకే ఎవరూ పోలేదు. ఎవరూ పోలేదు కాబట్టి ఉత్తుత్తి కూత అన్నారు."

రాయుడు నోట్లో గడ్డి లేకపోయినా నమలడం మొదలుపెట్టాడు. అటు చెట్టుమీంచి నీలకంఠం గారు, "చూశారా, నా వైద్యంతో పిల్లకి ఎంత ధైర్యం వచ్చిందో," అంటూనే ఉన్నాడు. సిగ్గులేనివాడికి తోకుంటేనేం, ఊడితేనేం?

మచ్చమ్మ కూతుర్ని పక్కకి తీసుకెళ్లింది. "నిన్న ఏదో చెప్పబోయావు. చెప్పవే."

"తమ్ముడు పోయిన రోజు కూడా నాకు వినబడిందమ్మా. పిల్లలు కూయకూడదన్నారని ఊరుకున్నాను."

మచ్చమ్మకు ఏడుపొచ్చింది. ఆకును చూడమనలేదు, గాలి పీల్చమనలేదు. పిల్ల మెడ నాకుతూ నిలబడి, మిగిలిందంతా చెప్పనిచ్చింది. చెప్పి, ఏడ్చి, చెంగి తల్లి పక్కనే తలదించి చాలా రోజుల తర్వాత కడుపునిండా మేసింది.

నీతి: పిల్లల మనసుకి మందు వేయబోయేవాడు ముందు తన నోరు మూసుకోవాలి.