దెబ్బ తినే వేలు

ఊపిరితిత్తుల వార్డులో పీజీ చేస్తున్న వకుళకు రెండేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేని చిక్కొకటి ఉంది. రోగి వీపు మీద ఎడమచేతి మధ్యవేలు ఆనించి, దాన్ని కుడిచేతి వేలితో తట్టి, లోపల గాలి ఉందో నీరు చేరిందో చెప్పాలి. ఎంత తట్టినా ఆమెకు అన్నీ ఒకేలా వినిపించేవి. అందుకని ముందు ఎక్స్‌రే చూసేది, తర్వాత తట్టేది, ఎక్స్‌రే చెప్పిందే తనూ చెప్పేది. పాపం, రెండేళ్లలో ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

ఇప్పుడు ఏజెన్సీ కొండల్లోని చిన్న ఆసుపత్రికి పోస్టింగు పడింది. అక్కడ ఎక్స్‌రే మిషను లేదు. ఆ కాగితం అందినప్పటి నుంచి ఆమెకు అన్నం సహించడం లేదు.

చివరికి గురువుగారు డాక్టర్ మస్తానయ్య దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. తిడతారనుకుంది. ఆయన "సరే, రామ్మా" అని వార్డులోకి నడిచారు.

నాలుగో మంచం మీద బుల్లెబ్బాయి అనే పెద్దాయన ఆయాసపడుతూ కూర్చున్నాడు. చేపలవేట అతని వృత్తి. మస్తానయ్య అతని ఎక్స్‌రే తీసి లైటు పెట్టెకు తగిలించారు. కుడి ఊపిరితిత్తి అడుగంతా తెల్లగా ఉంది.

"నీరు తీయాలి. సూది ఎక్కడ పెట్టాలో గుర్తు పెట్టు."

వకుళ అలవాటుగా నాలుగుసార్లు తట్టి, వీపు మీద కుడివైపు పెన్నుతో గుర్తు పెట్టింది.

మస్తానయ్య ఆ గుర్తును ఒకసారి చూశారు. ఆమెను వరండాలోకి తీసుకెళ్లారు. అక్కడ నీళ్లు నిలవచేసే నీలం డ్రమ్ము మూతపెట్టి ఉంది.

"ఇందులో నీళ్లు ఎంతవరకున్నాయి?"

చెవి డ్రమ్ముకు ఆనించినంత పనిచేసి తట్టింది. "తెలియట్లేదు సార్."

"చెవిని వదిలెయ్. కొట్టే వేలినీ వదిలెయ్. దెబ్బ తినే వేలినడుగు."

వకుళ కళ్లు మూసుకుంది. పైన తడితే వేలి కింద డ్రమ్ము అదిరింది. కాస్త కింద కూడా అదిరింది. మరో జానెడు దిగేసరికి ఆ అదురు ఆగిపోయింది, గోడను తట్టినట్టుంది.

"ఇక్కడిదాకా" అంది. మూత తీసి చూస్తే నీళ్లు సరిగ్గా అక్కడే ఉన్నాయి. నమ్మకం చాలక మళ్లీ రెండుసార్లు తట్టి చూసుకుంది.

దాదాపు పరుగున మంచం దగ్గరికి వచ్చింది. పెద్దాయన వీపు మీద కుడివైపు తట్టింది. అదిరింది. తను పెట్టిన గుర్తు మీద తట్టింది. అక్కడా అదిరింది. అంటే అక్కడ నీరు లేదు. ఎడమవైపు మొదలుపెట్టింది. సగం దిగేసరికి గోడ తగిలింది.

తలెత్తి ఎక్స్‌రే చూసింది. తెలుపు కుడివైపే ఉంది. రెండేళ్లూ తన పరువు కాపాడింది అదే. అయినా ఇంకోసారి ఎడమవైపు తట్టింది, మళ్లీ గోడే.

"సార్, నీరు ఎడమవైపుంది. ఎక్స్‌రే తప్పు."

మస్తానయ్య ఫిల్ము తీసి, తిరగేసి తగిలించారు. ఇందాక ఆయన కావాలనే దాన్ని వెనకముందుగా పెట్టారు. ఇప్పుడు తెలుపు ఎడమ ఊపిరితిత్తికి మారింది.

"ఇటేపేనండి బరువు," అన్నాడు బుల్లెబ్బాయి. "పొద్దున్నించీ చెబుదామనే అనుకుంటన్నానండి. ఎవరూ అడగలేదండి."

వకుళకు సిగ్గూ సంతోషమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. స్పిరిట్ దూదితో తన పాత గుర్తు తుడిచేసింది.

మస్తానయ్య ఎక్స్‌రే లైటు ఆర్పేశారు. సూదుల ట్రే ఆమె వైపు జరిపారు.

"నువ్వే తియ్యి."