బంకరుకు పడిన కన్నం

ఏదైనా సూటిగా అడిగితే అచ్యుతస్వామి సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఒక ఉదయం ఆయన ఆశ్రమం అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ ఉండగా, శిష్యుడు సన్యాసిరావు వచ్చి తన ఊరి గొడవ ఆయన ముందు పెట్టాడు. వాళ్ల ఊరి సముద్రపు ఒడ్డున రెండో ప్రపంచ యుద్ధం నాటి బంకరు ఒకటి ఉంది. శత్రువు ఓడల్లో వస్తాడని తెల్లదొరలు కట్టించిన మందపాటి గోడల గది. శత్రువు రాలేదు, దొరలు వెళ్లిపోయారు, గది మిగిలింది. దాన్ని ఉంచాలని సగం ఊరు, కూల్చాలని సగం ఊరు. చదువుకున్నవాడివి, నువ్వేం చెబితే అదే చేస్తామని ఇరుపక్షాలూ భారం అతని నెత్తిన పెట్టాయి. ఏది చెప్పినా సగం ఊరికి తానే శత్రువైపోతానని అతని దిగులు.

"ఉంచమని చెప్పనా స్వామీ, తీసెయ్యమని చెప్పనా?" అని అడిగాడు.

స్వామి దానికి బదులివ్వకుండా ఒక జాలరిపేటలో జరిగిన సంగతి ఎత్తుకున్నారు.

ఆ పేటలోనూ అలాంటి బంకరే ఉండేది. మసేను అనే అతను దాన్ని ప్రాణంగా చూసుకునేవాడు. అతని తాత దానికి ఇసుక మోసిన కూలీ. తాత చెమట ఆ గోడల్లో ఉందని, ఎవరూ పాడుచేయకుండా ఇనుప తలుపు బిగించి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. అతని చెల్లెలు కొర్లమ్మ. ఆమె మొగుడు దానయ్యకు ఆ బంకరంటే ఒళ్లు మంట. పడవలు పైకి లాక్కునే చోట అడ్డంగా ఉందని, ఒకనాడు గునపం పట్టుకుని వెనక గోడ పొడవడం మొదలుపెట్టాడు. మనిషి దూరేంత కన్నం పడేసరికి పేట పెద్దలు వచ్చి ఆపారు. అప్పట్నుంచి బావాబావమరుదులిద్దరికీ మాటల్లేవు. పుట్టింటికి వెళితే మొగుడికి కోపం, వెళ్లకపోతే అన్నకు కోపం, నడుమ కొర్లమ్మ నలిగిపోయింది. మగవాళ్ల పౌరుషం తీరడానికి సిమెంటు గోడ ఒక్కటి చాలదు కాబోలు.

మగవాళ్లంతా సంతకు పోయిన ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా గాలివాన విరుచుకుపడింది. పాకల కప్పులు లేచిపోయాయి. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని బంకరు దగ్గరికి పరుగెత్తారు. తలుపుకు తాళం. కొర్లమ్మ వాళ్లను వెనక్కి తీసుకెళ్లి, కన్నంలోంచి పిల్లల్ని ఒక్కొక్కరినే లోపలికి తోసి, అందరూ దూరాక తాను దూరింది.

గాలి తగ్గుముఖం పట్టాక మసేనూ దానయ్యా తడిసి ముద్దై వచ్చారు. పేటలో ఒక్క కప్పు లేదు, ఒక్క మనిషి లేడు. ఇద్దరూ ఒడ్డుకు పరుగెత్తారు. మసేను బంకరు తలుపు మీద పడ్డాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టిన తాళం ఎంతకీ తిరగలేదు. అప్పుడు లోపల్నుంచి కొర్లమ్మ గొంతు వినబడింది.

"ఆ తాళంతో కుస్తీ ఆపన్నా. ఎనక్కొచ్చి సెయ్యందియ్యి, పిల్లలు బెదిరిపోనారు."

కన్నం దగ్గర ఒకరు పిల్లల్ని అందుకుంటే ఒకరు కిందికి దించారు. ఒక్కరూ తగ్గలేదు. మసేను ఆ గోడకే ఒరిగి ఏడ్చేశాడు. అతని భుజం పట్టుకోబోయి దానయ్యా ఏడ్చాడు.

మర్నాడు దానయ్య సిమెంటు తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. కన్నం అంచులకు పిల్లల మోచేతులు గీరుకుపోయాయి, ఆ అంచుల్ని నున్నగా మెత్తుదామని అతని ఆలోచన. అప్పటికే అక్కడ మసేను గునపంతో ఆ కన్నాన్ని ఇంకాస్త వెడల్పు చేస్తున్నాడు. పేటవాళ్లు విరగబడి నవ్వారు. కొర్లమ్మ చాలాకాలానికి ఇద్దరికీ ఒకే కుండలో అంబలి తెచ్చింది.

సన్యాసిరావు అంతా విని కూడా తన ప్రశ్న వదల్లేదు. "ఇంతకీ వాళ్లు దాన్ని ఉంచినట్టా స్వామీ, కూల్చినట్టా?"

స్వామి అతని వంక చూసి నవ్వారు.

"తుపాను రోజులొస్తున్నాయి నాయనా. ముందు మీ ఊరికి వెళ్లి, ఆ గదిలోకి దారి ఎటుందో చూడు."